పచ్చ పింగాణీ, ఆవకాయ జాడీ

సెలడాన్ అంటే లేతాకుపచ్చ గాజుపూత పూసిన చైనా పింగాణీ. పూతలో నూటికి ఒకటి రెండు పాళ్లు ఇనుము ఉంటుంది. బట్టీ 1200 డిగ్రీలు దాటాక గాలి బిగిస్తే ఆ ఇనుము ఆకుపచ్చగా తేలుతుంది. గాలి ధారాళంగా ఆడితే పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది. జెజియాంగ్ రాష్ట్రంలోని లోంగ్‌చువాన్ కుమ్మరులు సాంగ్, యువాన్ రాజుల కాలంలో దీన్ని అచ్చం లేత కొబ్బరిబొండం రంగుకు తెచ్చారు. చైనావాళ్లు మాత్రం పచ్చరాయితో పోల్చుకున్నారు. కోనసీమ లేని దేశం, ఏం చేస్తారు!

అన్నంలో విషం కలిస్తే ఈ పళ్లెం పగులుతుందనో, రంగు మారుతుందనో దక్కను నవాబులు నమ్మేవారు. అలాంటి పళ్లేలను ఘోరీ పళ్లేలన్నారు. శాస్త్రం ప్రకారం అదంతా ఉత్తిదే. పూతలో కనిపించే సన్నని పగుళ్లు విషం వల్ల రావు. చల్లారేటప్పుడు మట్టికన్నా పూత ఎక్కువ ముడుచుకోవడం వల్ల వస్తాయి. నమ్మకం నిజమే అయినా గోదావరి జిల్లాల్లో పళ్లేనికి పని ఉండేది కాదు. ఇక్కడ చుట్టాలను చంపేది మర్యాదతో. ‘ఇంకొక్క పూతరేకండీ, మా మీదొట్టు’ అన్నప్పుడు పగిలే పింగాణీని ఏ కుమ్మరీ చేయలేదు.

ఈ సరుకు తెలుగు తీరం తొక్కలేదన్న మాట నిజం కాదు. చీరాల దగ్గర మోటుపల్లిలోనూ, నెల్లూరు వైపు కొత్తపట్నంలోనూ తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు ఊడ్చుకునే ఆచారం మాన్పించి, సుంకం మాత్రమే తీసుకుంటానని కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించింది మోటుపల్లిలోనే. వర్తకులు నమ్మకుండా ఉంటారా?

సేకర్త ముందుగా చూడాల్సింది పళ్లెం అడుగు. పూత లేని పాదం బట్టీలో కాలి ఇటుకరంగుకు తిరిగి ఉండాలి. నకిలీలవాళ్లకూ ఆ సంగతి తెలుసు కాబట్టి ఆ రంగూ పూసి అమ్ముతారు. అంచు మీద గోటితో కొట్టి వినేవారు, వెలుతురుకు పెట్టి చూసేవారు ఉన్నారు. డెల్టాలో అసలు పరీక్ష వంటింట్లో జరుగుతుంది. వేలు పోసి తెచ్చిన పాత్రను ఇల్లాలు అటూ ఇటూ తిప్పి, ‘ఏవండీ, ఇందులో ఎన్ని మానికల ఆవకాయ పడుతుందండీ?’ అంటుంది. పళ్లెంలో ఆవకాయ ఊరదు కనుక సేకర్త అక్కడే ఓడిపోతాడు. నిజానికి అటక మీది జాడీ, పైన గోధుమరంగు, కింద పాలమీగడ రంగు ఉండేది, దీనికి దూరపు చుట్టమే. అదీ ఎర్రని మంటలో కాలిందే, గాజుపూత పూసుకున్నదే. పైగా ఏటా వేసవిలో ఉద్యోగం చేస్తుంది.

పొలం దున్నుతుంటే పచ్చపెంకు తగిలిందని సంబరపడేవారికి చట్టాలున్నాయి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. వందేళ్లు దాటిన కళాఖండాన్ని దేశం దాటించకూడదని 1972 చట్టం. అమెరికాలోని అల్లుడికి పంపే పెట్టెలో గోంగూర పచ్చడే క్షేమం.

కళ్లారా చూడాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు, ‘ఇందులో ఎంత పడుతుంది’ అని అడిగేవారు లేక వేల వస్తువులు కూడబెట్టాడు. 1951లో తెరిచిన ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు. రాజమండ్రి నుంచి వెళ్లేవారు గురువారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కకండి.