నా పేరు చివర 32

నా పూర్తి పేరు గెట్‌టెక్స్ట్‌ఎక్స్‌టెంట్‌పాయింట్‌32. నోరు తిరగదని తెలుసు, ముద్దుగా పిలుచుకోవడానికి పెట్టిన పేరు కాదు మరి. విండోస్‌లో రాతలూ గీతలూ చూసుకునే జీడీఐ అనే ఉమ్మడి కుటుంబం మాది, అందులో నేనో ఫంక్షన్ని. "ఈ మాటకు తెరమీద ఎంత చోటు కావాలి?" అని ప్రోగ్రామర్లు అడుగుతారు. వెడల్పు ఇంత, ఎత్తు ఇంత అని చెప్తాను. గీసే పని నాది కాదు.

16 బిట్ల కాలంలో మా పెద్దాయన వెడల్పునీ ఎత్తునీ ఒకే సంఖ్యలో కుక్కి ఇచ్చేవాడు. విప్పుకోవడం అడిగినవాళ్ల ఖర్మ. తర్వాత మా అన్న వచ్చాడు. పేరు నాదే, చివర అంకె లేదు. లెక్కలో కాస్త తేడా వచ్చేది. అది సరిచేయడానికే నన్ను తెచ్చారు. పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని అన్ననూ ఇంట్లోనే ఉంచారు.

అడిగే ముందు ఫాంటు చేతికివ్వాలి. ఇవ్వకపోతే అక్కడ ముందే పడున్న లావుపాటి 'సిస్టమ్' ఫాంటుతో కొలిచేస్తాను. తీరా వేరే ఫాంటుతో గీసుకుని నన్ను తిడతారు. పైగా 9 పాయింట్ల ఫాంటు అంగుళానికి 96 చుక్కల లెక్కన 12 పిక్సెళ్లు, తెరను 150 శాతానికి పెంచితే 18. మాటా అదే, ఫాంటూ అదే, జవాబు మాత్రం వేరు. నిన్నటి జవాబును దాచిపెట్టుకునేవాళ్లకు ఇది చెప్పినా ఎక్కదు.

డైలాగ్ పెట్టెల సంగతి మరీ విడ్డూరం. ఇంగ్లిష్ పెద్దబడి, చిన్నబడి అక్షరాలు 52 వరసగా నాచేత కొలిపిస్తారు, సగటు తీస్తారు. అందులో నాలుగో వంతు అడ్డం కొలతకు, ఫాంటు ఎత్తులో ఎనిమిదో వంతు నిలువు కొలతకు ప్రమాణం. రేపు ఆ పెట్టెలో ఏ భాష కూర్చుంటుందో ఎవరికీ పట్టదు.

2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది, తెలుగు నా దగ్గరకొచ్చింది. 'స్త్రీ' అనే మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. లెక్కపెట్టి సగటుతో గుణించే బద్ధకస్తులు ఆరక్షరాల చోటు వదుల్తారు. తెరమీద కనిపించేది ఒక్కటే అక్షరం. విండోస్‌లో అక్షరాలు కూర్చే యూనిస్క్రైబ్ ఆ ఆరింటినీ పేర్చి రూపం కట్టాకే కొలత తేలుతుంది. అడ్డం ఎక్కువైతే చూడ్డానికి బాగోదు, అంతే. నిలువు తగ్గితే అర్థమే పోతుంది. ఇంగ్లిష్ ఎత్తుకు చేసిన బటన్‌లో 'రద్దు' పెట్టి చూడండి, కింద వత్తు తెగి 'రదు' అవుతుంది.

ఎక్స్‌పీతోనే జీడీఐ ప్లస్ అనే కొత్త కాపురమూ మొదలైంది. అక్కడి మెజర్‌స్ట్రింగ్ ఎవరూ అడక్కుండానే మాటకు రెండు వైపులా ఫాంటు సైజులో ఆరో వంతు చొప్పున జాగా కలుపుతాడు. ఆ కొలతతో పెట్టె చేసి, రాత మా ఇంటివాళ్లచేత గీయిస్తే పొంతన ఎలా కుదురుతుంది? కొలిచే దర్జీ ఒకడు, కుట్టే దర్జీ ఒకడు! 2005లో డాట్‌నెట్ 2.0తో టెక్స్ట్‌రెండరర్ వచ్చి కొలతనూ గీతనూ మళ్లీ జీడీఐకే అప్పగించాడు. అతనూ కాస్త జాగా కలుపుతాడు గానీ, వద్దంటే మానేస్తాడు. ప్రోగ్రామర్లు అతన్నే మెచ్చుకుంటారు, కింద కష్టపడేది మా ఇంటివాళ్లే అయినా.