శాతాలు అడగొద్దమ్మా!

ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్ కమిషనర్ ఆడమ్ సిల్వర్ గారు 2025 అక్టోబరులో టీవీలో సెలవిచ్చింది విన్నారుగా! అమ్మాయిల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆడేవాళ్లకు జీతాలు బాగా పెరుగుతాయట, పెరగాల్సిందేనట. ఆదాయంలో వాటా ఎంత అని మాత్రం చూడకూడదట, డాలర్లు లెక్కపెట్టుకుంటే చాలట. ఎందుకంటే మగవాళ్ల లీగ్ ఆదాయం చాలా పెద్దదట. పెద్ద మొత్తాన్నీ చిన్న మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూడటానికే కదా ఆరో తరగతిలో బెత్తం పుచ్చుకుని మనకు శాతాలు నేర్పింది! మగ ఆటగాళ్లకు ఇంచుమించు సగం వాటా ముడుతోంది. "నాయనా, శాతాలు మరిచిపోండి" అని వాళ్లతో అని చూడమనండి. మర్నాడు ఒక్కడు కోర్టులోకి దిగడు.

టీవీ హక్కుల బేరమూ ఇలాంటిదే. 2024 జులైలో డిస్నీ, ఎన్‌బీసీ, అమెజాన్‌లతో రెండు లీగ్‌లకూ కలిపి 11 ఏళ్లకు దాదాపు 7,700 కోట్ల డాలర్లకు ఎన్‌బీఏ కుదుర్చుకుంది. అందులో అమ్మాయిల లీగ్‌కు రాసింది సుమారు 220 కోట్లు. విడిగా అమ్మి ఉంటే ఎంత పలికేదో ఇక తేలదు. బుట్టెడు కూరగాయల మీద కొసరుగా వేసిన కరివేపాకుకు ధర కట్టేదెవరు? అమ్మాయిల ఆటకు గిరాకీ లేదా అంటే, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్‌ను కోటీ 80 లక్షల మందికి పైగా చూశారు. అబ్బాయిల ఫైనల్‌కు కోటిన్నర మంది కూడా లేరు.

సరే, నన్ను ఇప్పటికీ కాల్చుకు తినేది విమానాల సంగతి.

2018 ఆగస్టులో లాస్ వేగస్ ఏసెస్ జట్టు వాషింగ్టన్ చేరడానికి పాతిక గంటల పైన పట్టింది. విమానాలు ఆలస్యమయ్యాయి, రద్దయ్యాయి. ఇక ఆడలేమన్నారు పాపం. వాళ్ల ఖాతాలో ఓటమి రాసేసి లీగ్ చేతులు దులుపుకుంది. ఆటగాళ్లతో చేసుకున్న 2020 ఒప్పందంలో దయతలచి, కాళ్లకు కాస్త చోటున్న ఎకానమీ సీటు ఇచ్చారు. ఆరడుగుల తొమ్మిదంగుళాల క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్‌కూ అదే సీటు. అయిదున్నర అడుగుల మనమే హైదరాబాద్ విమానం దిగాక రెండు రోజులు నడుం పట్టుకుని తిరుగుతాం.

2021లో న్యూయార్క్ లిబర్టీ యజమాని జో సాయ్‌కి జాలేసింది. తన డబ్బుతో జట్టుకు ప్రత్యేక విమానాలు పెట్టాడు. లీగ్ ఆయనకు వేసిన జరిమానా ఎంతనుకున్నారు? 5 లక్షల డాలర్లు! మిగతా జట్లకు లేని హాయి ఈ జట్టుకుంటే పోటీకి అన్యాయమట. అందరూ సమానంగా నడుం విరగ్గొట్టుకోవాలన్నమాట. దీన్ని పిసినారితనం అనడానికి కూడా లేదు. పిసినారి తన డబ్బు దాచుకుంటాడు. వీళ్లు పక్కవాడి డబ్బు ఖర్చు కానివ్వలేదు.

గ్రైనర్ చలికాలాలు రష్యాలో ఎందుకు ఆడింది? అక్కడ పది లక్షల డాలర్ల పైమాట. అప్పట్లో డబ్ల్యూఎన్‌బీఏలో అత్యధిక జీతం అందులో పావు వంతు కూడా ఉండేది కాదు. 2022లో అక్కడే అరెస్టయి పది నెలలు నిర్బంధంలో గడిపింది. తిరిగొచ్చాక 2023 జూన్‌లో, మనవాళ్లంతా చుట్టాలను దింపడానికీ ఎక్కించుకోవడానికీ వెళ్లే ఆ డాలస్ విమానాశ్రయంలోనే, కెమెరా పట్టుకుని ఒకడు ఆమె వెంటపడి వేధించాడు. అప్పుడైనా అందరికీ ప్రత్యేక విమానాలు పెట్టారా? లేదు. కొత్త తార కెయిట్లిన్ క్లార్క్ వచ్చి సీట్లు నిండాక, 2024 మేలో పెట్టారు. ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్లు చప్పున దొరికాయి. ఇన్నేళ్లూ ఆ ఆడపిల్లల ఒళ్లు హూనం చేసినందుకు ఒక్కరికైనా సిగ్గనిపించిందా?

ఆ క్లార్క్‌కు మొదటి ఏడు జీతం 76,535 డాలర్లు. ఇక్కడ అమెరికాలో మాస్టర్స్ ముగించి సాఫ్ట్‌వేర్‌లో చేరే మన పిల్లలు చాలామంది అంతకన్నా ఎక్కువే తెచ్చుకుంటారు. మరి 2025లో ఆమె జట్టు 44 ఆటల్లో 41 ఆటలను దేశమంతా టీవీలో వేశారు.

మాకు రావాల్సింది మాకివ్వండని 2025 జులైలో అమ్మాయిలు చొక్కాల మీద రాసుకుని ఆల్‌స్టార్ ఆటకు వస్తే, ఎంత పొగరో అన్నారు కొందరు.

పాత ఒప్పందం 2025 అక్టోబరు 31తో ముగియాల్సింది. బేరం దగ్గర కూర్చున్నప్పుడల్లా లీగ్ నష్టాల్లో ఉందన్న పాటే. 2023లో గోల్డెన్ స్టేట్ వాళ్లు కొత్త జట్టుకు 5 కోట్ల డాలర్లు కట్టారు. 2025 జూన్‌లో క్లీవ్‌ల్యాండ్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియాలు ఒక్కొక్కటి 25 కోట్లకు ఒప్పుకున్నాయి. కట్టేది ఎన్‌బీఏ జట్ల యజమానులే. నష్టాల వ్యాపారానికి రెండేళ్లలో అయిదు రెట్లు పోస్తున్న ఈ పెద్దమనుషులకు కూడికలు రావా, లేక నష్టం కబురు అమ్మాయిలకు మాత్రమే చెప్పారా?