స్పీడు కెమెరా కాంట్రాక్టు: ఆశావహులకు కొన్ని మెళకువలు

చేతిలో నాలుగు డబ్బులుండి, పెట్రోలు బంకు పెట్టాలా, ఫంక్షన్ హాలు కట్టాలా అని తేల్చుకోలేకపోతున్నారా? రెండూ వద్దు. స్పీడు కెమెరా కాంట్రాక్టు పట్టండి. మూఢం వస్తే హాలుకు తాళం పడుతుంది. రేటు పెరిగితే బంకు ముందు గొడవ. కెమెరాకు ఆ బాధల్లేవు. గిరాకీ తనంతట తానే వస్తుంది, అదీ పరుగెత్తుకుంటూ. ఏదో కొన్నానన్న సంగతి కూడా తెలియకుండా వచ్చినవాడు వెళ్లిపోతాడు, బిల్లు తర్వాత చేరుతుంది.

ముందు ఊరు వెతుక్కోవాలి. పెద్ద నగరాల జోలికి పోవద్దు, అక్కడ పత్రికలుంటాయి, పనిలేని లాయర్లుంటారు. ఖజానా ఎండిపోయి, పెద్ద రోడ్డు మాత్రం మధ్యగా పోయే చిన్న ఊరు శ్రేష్ఠం. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి పక్కన ఎల్మ్‌వుడ్ ప్లేస్ అని ఒక పల్లె ఉంది. జనాభా రెండు వేల చిల్లర. 2012లో ఆప్టోట్రాఫిక్ అనే ప్రైవేటు కంపెనీ అక్కడ కెమెరాలు బిగించింది. టికెట్టు 105 డాలర్లు, అందులో 40 శాతం కంపెనీ వాటా. మొదటి నెలలోనే టికెట్లు ఆరు వేలు దాటాయి. అంటే ఉయ్యాల్లో పిల్లలతో సహా ఊళ్లో తలా మూడు పడ్డాయన్నమాట. చర్చికొచ్చినవాళ్లకు పడ్డాయి, కొట్లకొచ్చినవాళ్లకు పడ్డాయి. బేరాలు పోతున్నాయని దుకాణదారులు మొత్తుకున్నారు. 2013 మార్చిలో కౌంటీ జడ్జి దీన్ని పేకముక్కల మోసంతో పోల్చి ఆపేయమన్నాడు. వసూలు చేసింది తిరిగివ్వాలన్న ఆదేశాలు ఆ తర్వాత వచ్చాయి. ఇందులో మీరు నేర్చుకోవాల్సింది ఒకటే: అత్యాశ పనికిరాదు. నెలకు జనాభా అంత చాలు.

రెండోది ఒప్పందం. నెలకింత అద్దె అంటే తల అడ్డంగా ఊపండి, టికెట్టుకింత అని పట్టుబట్టండి. ఎలుకకింత అని కూలి ఇస్తే, పట్టేవాడు ఊళ్లో ఎలుకలు లేకుండా పోవాలని దేవుడికి మొక్కుతాడా? ఈ కిటుకు ఫ్రెంచివాళ్ల దగ్గర పారదు. 2018 నుంచి అక్కడ రాడార్ ఉన్న మామూలు కార్లను ప్రైవేటు కంపెనీల డ్రైవర్లు తిప్పుతున్నారు. ఏ దారిన తిరగాలో ప్రభుత్వం చెబుతుంది. ఎవరి బండి ఫోటోకెక్కిందో నడిపేవాడికే తెలియదు. కంపెనీకిచ్చే డబ్బుకూ జరిమానాల లెక్కకూ లంకె లేదు. ఇలాంటి నిక్కచ్చి మనుషుల టెండరు మనకెందుకు చెప్పండి.

అన్నట్టు, ఇన్సూరెన్సు మరవకండి. అదే ఫ్రాన్సులో అదే ఏడాది జూలైలో మధ్యలో డివైడరు లేని రోడ్ల మీద వేగ పరిమితిని 90 నుంచి 80 కిలోమీటర్లకు దించారు. చలికాలానికి పసుపు చొక్కాల ఉద్యమం లేచింది. జనవరి నాటికి స్థిర కెమెరాల్లో దాదాపు 60 శాతం పాడయ్యాయని స్వయంగా హోం మంత్రే చెప్పాడు. తగలబెట్టినవి కొన్ని, రంగు పులిమినవి కొన్ని. జరిమానాలో వాటా ఏ కంపెనీ జేబులోకీ పోకపోయినా జనం నమ్మలేదు. నమ్మకం లేనిచోట లెక్క సరిగ్గా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

యంత్రాన్ని సరిచూడ్డం మీద డబ్బు తగలేయకండి. అమెరికాలోని బాల్టిమోర్‌లో 2012లో ఎర్రలైటు దగ్గర ఆగి ఉన్న కారుకు కెమెరా గంటకు 38 మైళ్ల వేగం కట్టింది. కంపెనీ వారి వీడియోలోనే బండి కదల్లేదు, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయి. దాన్ని పరిశీలించి సరేనన్నట్టు పోలీసు అధికారి సంతకం కూడా ఉంది! సంతకం ఉన్నాక ఇక బండి కదిలితేనేం, కదలకపోతేనేం. ఆ నగరంలో మరుసటి ఏడాది కెమెరాలు ఆపేశారు, అది వేరే సంగతి.

మన దగ్గర లేజర్ గన్ను పట్టుకునేది ఇంకా పోలీసులే. కాబట్టి మీరు దిగేలోపు హైదరాబాద్‌లో నేల ఎలా ఉందో చూసుకోండి. ఏ ఫ్లైఓవరైనా తీసుకోండి. ఎక్కేటప్పుడు బండి దానంతటదే నెమ్మదిస్తుంది, అక్కడ గన్ను పెట్టుకున్నవాడు అమాయకుడు. దిగే చోట, వాలులో బండి దొర్లుకుంటూ వచ్చే చోట, పిల్లరు నీడలో కుర్చీ వేసుకోవాలి. బోర్డు తప్పకుండా పెట్టండి. కెమెరా ఉన్న దారిలో ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలనీ, యంత్రానికి ఏటా ధ్రువపత్రం తెచ్చుకోవాలనీ 2021లో కేంద్రం నియమం పెట్టింది. మీరు నాటండి చాలు. మిగతా పని వేపకొమ్మ, ఎవరో యువనేత జన్మదిన ఫ్లెక్సీ చూసుకుంటాయి. నలభై అన్న అంకెలో నాలుగు కనబడదు, సున్నా మాత్రం ఫ్లెక్సీ పక్కనుంచి తొంగి చూస్తుంటుంది.

అంకెలు కూడా మారుతూ ఉండాలి. ఔటర్ రింగు రోడ్డు మీద 100గా ఉన్న గరిష్ఠ వేగాన్ని 2023లో 120 చేశారు. అదీ కుడివైపు రెండు వరుసల్లోనే, ఎడమవైపు వాటికి పరిమితి అంతకన్నా తక్కువ. నిన్నటి నేరం ఇవాళ చట్టం, పక్క వరుసలో మళ్లీ నేరం. డ్రైవరు రోడ్డు చూడాలా, వరుస చూడాలా, మీటరు చూడాలా అని తికమకపడే ఆ క్షణమే మీ పంట.

చలానా రాత కూడా చూసి నేర్చుకోదగ్గది. వెయ్యి రూపాయల జరిమానా, కింద యూజర్ ఛార్జీ 35. వెయ్యి ఎందుకు పడిందో అడగాల్సినవాడు ఆ ముప్పై అయిదు దేనికని అరగంట తిట్టుకుంటాడు. ఆ పక్కదారి పట్టించిన తెలివికి దణ్ణం పెట్టాలి.

ఒక్క ప్రమాదం మాత్రం ఇక్కడే ఉంది. తెలంగాణలో 2022 మార్చిలో పాత చలానాల మీద బైకులకు 75 శాతం తగ్గింపు ఇచ్చారు, 2023 డిసెంబరులో 80 శాతం. అప్పట్నుంచి మనవాళ్లు చలానా చూసి బెదరడం మానేశారు. ‘ఏరా, ఈసారి డిస్కౌంటు ఎప్పుడంట?’ అని టీకొట్టు దగ్గర వాకబు చేస్తున్నారు. అందుకే మీ వాటా వసూలైనదాని మీద కాదు, వేసినదాని మీద అని స్పష్టంగా రాయించుకోండి.

బడి ముందు కెమెరా పెట్టమని ఎవరో ఒకరు కాళ్లావేళ్లా పడతారు. ఒప్పుకోవద్దు. పిల్లలు దాటే చోట, పసుపు డబ్బాలో ఎవరికైనా కనబడేలా కెమెరా పెడితే వారం తిరక్కుండా బళ్లన్నీ నెమ్మదిస్తాయి. ప్రమాదాలు తగ్గుతాయి, పిల్లలు క్షేమంగా ఇళ్లకు చేరతారు, మీకు నెలాఖరుకు కరెంటు బిల్లు మిగులుతుంది. మలుపు దగ్గర ఏటా బళ్లు బోల్తాపడే చోటు ఉంటుంది చూడండి, దానికీ ఇదే సూత్రం. అలాంటి స్థలాలు ప్రభుత్వానికే వదిలేయండి.

అయినా జనం మీద భరోసా పెట్టుకోలేం. ఒక్కోసారి అందరూ కూడబలుక్కున్నట్టు నెమ్మదిగా నడుపుతారు. అందుకే ఒప్పందంలో కనీస ఆదాయ హామీ ఉండాలి: వాహనదారులు వేగ పరిమితి పాటించినందువల్ల కంపెనీకి వాటిల్లే నష్టాన్ని మునిసిపాలిటీ భరించాలి. చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో రాయించండి. సంతకం పెట్టేవారు అంతదాకా రారు.