కరీబియన్ నౌకావ్రత కల్పము

కోరిక చిన్నదైనను పెద్దదైనను దానికొక వ్రతమును, వ్రతమునకొక కల్పమును, కల్పమునకు కడపట ఒక ఫలశ్రుతిని సమకూర్చి పెట్టుకొన్న జాతి మనది. అట్టి మనవారు అమెరికాలో లక్షల సంఖ్యలో స్థిరపడి, వేసవిలో గుంటూరు నుండియు కరీంనగరు నుండియు తల్లిదండ్రులను రప్పించి, నయాగరా చూపించి, ఇంకేమి చూపవలెనో తోచక, ఫ్లారిడా వారైనచో మయామీ రేవులోను, టెక్సాసు వారైనచో గాల్వెస్టన్ రేవులోను ఓడ నెక్కించి, ఏడు రాత్రులు కరీబియన్ సముద్రముపై త్రిప్పి తెచ్చుచున్న ఈ దినములలో, ఈ మహావ్రతమునకు విధివిధానములు తెలుపు తెలుగు గ్రంథ మొక్కటియు నా కంటబడకపోవుట చూచి, కుమారుని పుణ్యమా అని ఒకమారు దానిని యథావిధిగా ఆచరించినవాడనగుటచే సంక్రమించిన అధికారముతో దీనిని వ్రాయుచున్నాను.

మొదట మూలరహస్యము. తక్కిన వ్రతములలో భక్తుడు ఉపవసించును, దేవునికి నైవేద్యము పెట్టును, దేవుడు తినకయే సంతోషించును. ఈ వ్రతమున ఆ క్రమము తలక్రిందులు. టికెట్టు కొన్నవాడు తాను యాత్రికుడననుకొని ఓడ నెక్కును గాని, ఎక్కిన గడియలోనే వానిని విగ్రహముగా ప్రతిష్ఠింతురు. వానిచేత బరువు మోయింపరు, వేళవేళకు భోగము పెట్టుదురు, వీధులలో ఊరేగింతురు, రాత్రి పవ్వళింపుసేవ చేయుదురు. తాను విగ్రహమైతినని గ్రహించినవాడు ఏడు దినములును సుఖపడును. ఇంకను యాత్రికుడనే అనుకొనువాడు ప్రతి పూటయు వగచును.

సంకల్పము

ప్రయాణమునకు ముందు మూడు విషయములు స్థిరపరచుకొనవలెను. మొదటిది వీసా. మన పాస్‌పోర్టు కలవారికి పలుమార్లు ప్రవేశింపదగిన అమెరికా వీసా ఉండవలెను. ఏలయన, మయామీలో ఎక్కి మయామీలోనే దిగినను, నడుమ పరదేశపు గట్టు త్రొక్కినందున అమెరికాలో మరల క్రొత్తగా కాలు పెట్టినట్లే లెక్క. రెండవది కాలము. జూన్ 1 మొదలు నవంబరు 30 వరకు ఆ సముద్రమున తుపానుల ఋతువు. ఆ నడుమ టికెట్టు చవుక. చవుక కదా అని కొనుడు. తుపాను త్రోవ తప్పుకొననిచో ఓడయే త్రోవ తప్పుకొనును గనుక ప్రాణభయము లేదు. తూర్పు ద్వీపములకు డబ్బు కట్టి పడమటి ద్వీపములు చూచి రావచ్చును. దీనికి మీరు టికెట్టులోని చిన్న అక్షరములలో ఇదివరకే సమ్మతించియున్నారు. మూడవది గది. వసారా కల గది, కిటికీ మాత్రమే కల గది, రెండును లేని లోపలి గది అని ముఖ్యముగ మూడు తరగతులు. లోపలి గదిలో దీపమార్పినచో మధ్యాహ్నమునకును అర్ధరాత్రమునకును భేదము తెలియదని కొందరు ఈసడింతురు. వారి మాట వినకుడు. గర్భగుడికి కిటికీ ఉన్న దేవాలయము నెవ్వరైన చూచిరా?

ఆవకాయ తీసికొనిపోవచ్చునా యని తల్లులడుగుదురు. ఇంట వండినదానిని ఓడలోనికి రానీయరు. అంగడిలో కొని మూత తీయనివాటికి అభ్యంతరము తక్కువ. కావున మీ చేతులతో కలిపిన ఆవకాయను ఇంటనే విడిచి, ఎవరు కలిపిరో తెలియని ఆవకాయను సగౌరవముగ వెంట గొనిపోవుడు.

తోరబంధము

రేవులో మీ మొగము ఫొటో తీసి, చేతికొక కార్డు నిత్తురు. ఇదియే ఈ వ్రతమునకు తోరము. గది తలుపు తీయునదియు, పానీయములు తెప్పించునదియు, మీరు ఓడలో నున్నారో గట్టున నున్నారో లెక్కించునదియు ఇదియే. ఏడు దినములు మీకు నోటును నాణెమును కనబడవు. కనబడని ధనము వ్యయము కాలేదని నమ్ముట మానవస్వభావము గనుక, ఆ నమ్మికను ఏడవ రాత్రివరకు చెదరనీయక కాపాడుకొనుడు.

పిమ్మట ఆపత్కాల శిక్షణ. 1912లో టైటానిక్ మునిగిన తరువాత పలు దేశములు చేరి 1914లో చేసికొన్న ఒడంబడిక ఇట్టి జాగ్రత్తలకు మూలము. ఏడు పొట్టి కూతలు, ఒక దీర్ఘపు కూత వినబడినచో మీకు నియమించిన స్థలమునకు చేరవలెను. ఏడు లఘువులు, ఒక గురువు. ఛందస్సు చదివిన మనవారికి జ్ఞాపకముంచుకొనుట కష్టము కాదు. చుట్టునున్నవారు అప్పటికే చేత రంగురంగుల పానీయములు పట్టుకొని ఈ గణవిభజనమును శ్రద్ధతో ఆలకించుచుందురు.

ఓడ పరిమాణమునుగూర్చి ఒకమాట. 2024 జనవరిలో మయామీనుండి బయలుదేరిన ‘ఐకన్ ఆఫ్ ది సీస్’ 365 మీటర్ల పొడవు, 20 అంతస్తులు కలది. టైటానిక్ స్థూలపరిమాణము 46 వేల టన్నులు కాగా దీనిది సుమారు 2 లక్షల 48 వేలు. నిండుగా ఉన్నప్పుడు 7,600 మంది ప్రయాణికులు, వారిని సేవింప 2,350 మంది సిబ్బంది. కట్టినది ఫిన్లండు, నడుపు కంపెనీ ఉండునది మయామీ, ఎగురు జెండా మాత్రము బహామాసుది. పరదేశపు జెండాగల ఓడ దారిలో పరాయి రేవును తాకక అమెరికా రేవుల నడుమ ప్రయాణికులను త్రిప్పరాదని 1886నాటి శాసనమొకటి కలదు. ఓడ నాసోలోనో కొజుమెల్‌లోనో ఆగినప్పుడు మీ ఆనందమునకే ఆగెనని మురియుడు. శాసనమునకును ఆనందమునకును ఇంత మైత్రి వేరొకచోట దొరకదు.

నైవేద్యము

భోజనశాల ద్వారమున ఒక సేవకుడు నిలిచి, పాట పాడుచు మీ అరచేతులలో మందుద్రవము చిలుకును. ఇది ఆచమనము. వేలమంది ఒకే గరిటె పట్టుకొనుచోట వాంతులు విరేచనములు వ్యాపించుట ఓడల చరిత్రలో పలుమారులు జరిగినది గనుక, ఈ ఒక్క విధిని మాత్రము హాస్యము మాని పాటింపుడు.

లోపల నైవేద్యము కొండలుగా నుండును. ఉదయపు భోగము ముగియకమునుపే మధ్యాహ్నపు భోగము, దాని ఆవిరి చల్లారకమునుపే అపరాహ్ణపు తేనీరును కేకులును, పిదప రాత్రి విందు, విందు జీర్ణింపని వారికి అర్ధరాత్రి పిజ్జా. వీనికి వేరుగా ధర లేదు, అనగా ధర ఇదివరకే చెల్లించితిమి. ఈ రెండు వాక్యములకు నడుమ గల సందులోనే మనిషి పతనమగును. మొదటి దినమున పళ్ళెమును సంతోషముతో నింపుదుము, రెండవ దినమున పట్టుదలతో నింపుదుము, మూడవ దినమున కట్టిన డబ్బు రాబట్టుకొనవలెనను ధర్మాగ్రహముతో నింపుదుము. శాకాహారులకు ఒక మూల పప్పొకటి పసుపుపచ్చగా దర్శనమిచ్చును. దానిని ఏ ప్రాంతపు వంటయని విచారింపకుడు. అది భారతదేశపు సమైక్యతకు చిహ్నము.

ఆకలి రుచి ఎరుగదని మన పెద్దలన్నారు. నాలుగవ దినమున దీనికి విలోమమైన సత్యము బోధపడును: రుచి ఆకలి నెరుగదు. నాలుక ముందర సమస్తమును ఉన్నది, నాలుకకు వెనుక ఏమియు లేదు. ఈ స్థితిలో మనుజుడు దిగులుపడును. విగ్రహమునకట్టి దిగులు లేదు, ఏలయన అది పెట్టినదానిని చూచునేగాని తినదు. మీరును చూచుట నేర్చుకొనుడు.

జలవిహారము

ఏ గట్టును కనబడని దినములు రెండో మూడో ఉండును. ఆ దినములలో తెల్లవారుజామున లేచి, పై డెక్కుమీది పడకకుర్చీలపై తువ్వాలును, చదువని పుస్తకమొకటియు ఉంచి, మరల పోయి నిద్రింపవలెను. అట్లుంచరాదని బోర్డు వ్రాసియుండును. ఆ బోర్డు ప్రక్క కుర్చీయే ముందుగా నిండును. నాలుగు దిక్కులను అంతులేని సముద్రముండగా, కుర్చీలన్నియు దానికి వీపు పెట్టి, నడుమ తవ్విన చిన్న కొలనువైపు తిరిగియుండును. ఆ కొలనులో జనము పుష్కరాలనాటి స్నానఘట్టమువలె క్రిక్కిరిసి, మోకాటిలోతు నీటిలో భుజము భుజము రాచుకొనుచు నిలిచియుందురు. సముద్రమును చూడగోరువారు దీపస్తంభమువలె ఒంటరిగా కమ్మిపట్టుకొని నిలువవలెను, అప్పుడు ఒంటిలో బాగులేదా యని సిబ్బంది దయతో విచారింతురు.

రేవులో నున్నంతసేపు జూదశాల మూసియుండును, ఓడ నడిసముద్రమునకు చేరగనే తెరచుకొనును. ధర్మశాస్త్రములకును తీరమునుండి ఇంతదూరమను ఎల్ల కలదని ఇందువలన తెలియుచున్నది.

గ్రామోత్సవము

ఉత్సవమూర్తికి ఊరేగింపు ముఖ్యము. ప్రథమమున కంపెనీవారి స్వంత ద్వీపము. 1977లో బహామాసులోని గ్రేట్ స్టిరప్ కే అను దీవిని ఒక నౌకా కంపెనీ తన చేతికి తీసికొన్నది మొదలు ఈ సంప్రదాయము బలపడినది. అచట ఓడలోని వంటయే, ఓడలోని సంగీతమే, ఓడలోని మనుష్యులే ఉందురు. ఇసుక మాత్రము అదనము. పరదేశమునకు పోయి ఒక్క పరదేశీయుని చూడక తిరిగివచ్చుట ఇంత సులభముగా ఇంకెచ్చటను సాధ్యము కాదు.

తరువాత సెయింట్ థామస్. దీనిని ప్రక్కదీవులతోగూడ 1917లో అమెరికా డెన్మార్కునుండి 2 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనెను. రేవుపట్టణమునకు డెన్మార్కు రాణి షార్లట్ అమేలీ పేరే ఇప్పటికిని నిలిచియున్నది. దీవినే కొన్నచోట మీరు గడియారమొకటి కొనకుండ వచ్చుట మర్యాద కాదు. సెయింట్ మార్టిన్ 1648నాటి ఒప్పందము ప్రకారము ఉత్తరము ఫ్రెంచివారికి, దక్షిణము డచ్చివారికి పంచిన దీవి. అచట మాహో అను సముద్రతీరమున దిగు విమానములు జనుల తలలపై నుండి పోవును. టోపీలు ఎగిరిపోవుట చూచుటకే జనము గుమిగూడుదురు. ఫిలిప్స్‌బర్గ్ ఫ్రంట్ వీధిలో నగల కొట్టున అడుగిడినచో, “ఆయియే, ఆయియే” యని సింధీ సేటు ఎదురువచ్చును. పదివేల మైళ్ళు దాటివచ్చి హైదరాబాదు ఆబిడ్స్‌లోనున్నట్లు బేరమాడుట ఒక సిద్ధి.

సాయంత్రము ఓడ నిలువదు. గట్టు గడియారము వేరు, ఓడ గడియారము వేరు. ఓడ గడియారమే కాలము. గంట దాటిన పిదప సంచులతో వంతెనపై పరుగెత్తు దంపతులను పై అంతస్తులవారు చప్పట్లతో ప్రోత్సహింతురు. ఏడు దినములలో ఒక ప్రయాణికుని యందు ఇంకొక ప్రయాణికుడు మనఃపూర్వకముగ ఆసక్తి చూపు ఘట్టమిదియే. దీనిని తప్పక చూడుడు, చూపకుడు.

అర్చకులు

రోజుకు తలకు ఇంచుమించు 16 మొదలు 20 డాలర్ల వరకు సేవారుసుమును మీ లెక్కలో తామే వ్రాసికొందురు. దీనితో ఋణము తీరెనని భావింపుడు. భావింపలేనివారు ఈ విభాగమును చదువనక్కరలేదు.

మీ గదిని ప్రతిదినము సవరించి, రాత్రి పడకపై తువ్వాలుతో ఏనుగునో కొంగనో మడిచియుంచు యువకుడు ఫిలిప్పీన్సు వాడో ఇండోనేషియా వాడో అగును. నా భాగ్యమున మనవాడే దొరికెను.

“ఏ ఊరు బాబూ మీది?”

“సోంపేట దగ్గరండి.”

“రోజూ సముద్రం మీదే. అదృష్టవంతుడివి.”

“ఎక్కడి సముద్రమండీ! మేముండేది కింద, నీళ్ళ మట్టాన. మా గదులకు కిటికీలుండవు. సముద్రం చూడాలంటే మా ఊరెళ్ళి చూడాలి.”

గర్భగుడికి కిటికీ ఉండదని పైన పరిహాసమాడితిని. అర్చకుని ఇంటికిని ఉండదని అప్పటికి ఎరుగను. ఆరు మొదలు తొమ్మిది నెలల ఒప్పందములో వారమునకు సెలవుదినమన్నది లేదు. వారమున ఇన్ని గంటలకు మించి పని చేయింపరాదని 2006నాటి అంతర్జాతీయ ఒడంబడిక పరిమితి విధించుటయే ఒక దయగా ఎంచవలసియున్నది. ఆ సముద్రమునకు ఒప్పందములపై మనవారు పోవుట క్రొత్తయు కాదు. బానిసత్వము రద్దయిన చెరకుతోటలకు 1838 మొదలు గయానాకును, 1845 మొదలు ట్రినిడాడునకును, పిమ్మట గ్వాడెలూపు, మార్టినిక్ ద్వీపములకును ఐదేండ్ల షరతుపై మనదేశపు కూలీలను ఓడలలో తరలించిరి. మద్రాసు రేవునుండి పోయినవారిలో అరవవారితోపాటు తెలుగువారును ఉండిరి. గయానాలోను ట్రినిడాడులోను అందరికిని కలిపి ‘మద్రాసీ’ అను ఒక్క పేరే మిగిలెను. ఆ వలసను ఆపినది 1917లో. అమెరికా సెయింట్ థామస్‌ను బంగారము పోసి కొన్న సంవత్సరమే అది. ఆకలికి తాళలేక ఓడ ఎక్కినవారు పోయిన జలమార్గముననే, ఆకలి కాకుండుటకు డబ్బు కట్టి మనము పోవుచున్నాము.

ఉద్వాసన

ఏడవ రాత్రి పెట్టెలకు చీటీలు కట్టి గది వెలుపల ఉంచవలెను. మరునాటి బట్టలను కూడ పెట్టెలో వేసి, తెల్లవారి రాత్రిదుస్తులతో నిలుచుండిపోవుట ఆచారసిద్ధము. లెక్క కాగితము తలుపు సందున దూరియుండును. తోరము విప్పిన తరువాతనే దాని బరువు తెలియునట్లు, కార్డు చెల్లిన తరువాతనే ధనము కనబడును.

మరునాటి ఉదయమున భక్తి తగ్గును. నిన్నటివరకు మీ నిద్రకు భంగము రానీయనివారు, ఎనిమిది గంటలకు గది ఖాళీ చేయుడని మైకులో చెప్పుదురు. చవితి పండుగ కడపట మట్టి వినాయకుని ఒక్కించుక కదిలించి, కదిలించినంతనే ఆయన దేవుడు కాక మట్టియగునట్లు, మీ పేరు పిలువగనే మీరు మరల మనుష్యులగుదురు. మరచిన కళ్ళజోడుకై నేను గదికి తిరిగి పోగా, సోంపేట అబ్బాయి దుప్పట్లు లాగివేసి, రాత్రి తాను మడిచిన తువ్వాలు ఏనుగు తొండము విప్పుచుండెను. మధ్యాహ్నమునకు క్రొత్త మూర్తులు వేంచేయుదురు.

ఫలశ్రుతి

ఈ వ్రతమును ఆచరించినవారికి నడుము చుట్టుకొలతయు, ఈ కల్పమును చదివి ఊరకున్నవారికి ధనమును వృద్ధియగును.

రేవు దాటి ఉత్తరపు రోడ్డున రెండుగంటలు పోయిన పిదప నాకేదో వింతగా తోచెను. కడుపులో వెలితి, నోట నీరు, అకారణమైన కోపము. కొంతసేపటికి గుర్తుపట్టితిని: అది ఆకలి, ఏడు దినములకు మొదటిమారు. పెట్రోలు బంకు దగ్గర కారాపించి, నిన్నటి రొట్టె కొని, ఎవరు కలిపిరో తెలియని ఆ ఆవకాయ మూత తీసితిమి. ఉప్పెక్కువ, కారము తక్కువ, నూనె ఏదో ఎరుగము. అందరమును సీసా అడుగు తుడిచితిమి.