గంపగయ్యాళి: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఆవిడ వట్టి గంపగయ్యాళి, నోట్లో నోరు పెట్టకు నాయనా!"

అవతారిక: ఈ వాక్యకర్త ఎవరో తెలియదు. తాళపత్రాల్లో దొరకదు. వీధి అరుగుల మీద, కిరాణా కొట్ల ముందు, పంపు దగ్గర బిందెల వరసలో నోటినుంచి నోటికి వస్తోంది. ఇంతటి వాక్యానికి ఇంతవరకూ వ్యాఖ్య లేకపోవడం తెలుగు సాహిత్యానికి తీరని లోటు. మన మెదక్ సీమలోని కొలిచారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ప్రతిన పట్టి కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిష్ఠ లేదు.

ప్రతిపదార్థం: ఆవిడ = ఎదుట లేని స్త్రీ (ఎదుటే ఉంటే ఈ వాక్యం పుట్టదు). వట్టి = ఇంకే గుణమూ కలవని. గంపగయ్యాళి = వివరించబడును. నోట్లో నోరు పెట్టకు = వాదనకు దిగకు. ఇచట వాచ్యార్థం సభ్యం కాదు గనుక లక్ష్యార్థమే గ్రహించాలి. నాయనా = ఇదివరకే నోరు పెట్టి ఓడి వచ్చినవాడు, ఇప్పుడు పెట్టబోయేవాణ్ణి జాలితో పిలిచే పిలుపు.

ఇక గంప. నెత్తిన గంప పెట్టుకుని కేకలేస్తూ ఊరంతా కూరగాయలమ్మే మనిషి అని కొందరి ఊహ. అది నిలవదు. గంపెడాశ, గంపెడు సంసారం అన్నచోట లాగే ఇక్కడా గంప కొలమానమే. ఎంత వెతికినా చాటెడు గయ్యాళి, దోసెడు గయ్యాళి అనే ప్రయోగాలు కనబడవు. ఈ గుణాన్ని కొలవడానికి తెలుగువాడు గంపకు తక్కువైనది ఎన్నడూ చేతికి తీసుకోలేదన్నమాట.

గయ్యాళి అనేదాన్ని "గయ్యిమని లేచే ఆలి" అని విడగొట్టి చేతులు దులుపుకునే పండితులున్నారు. లకారం ళకారమెలా అయిందంటే, రలలకు భేదం లేదని సంస్కృతం వాళ్ళు సర్దుకోలేదా, మనమూ సర్దుకుందాం అంటారు. సర్దుకున్నా చిక్కు తీరదు. ఆలి మాత్రమే గయ్యాళి అయితే అత్తగారి సంగతేమిటి? ఒకటో తారీకున అద్దెకు వచ్చి నిలబడే ఇంటావిడ ఎవరికి ఆలి? పైగా కన్నడంలోనూ ఇదే మాట, ఇదే అర్థంలో ఉంది. అక్కడ భార్యను హెండతి అంటారు. మన సంధి బళ్ళారి దాటగానే విడిపోతుంది. గయ్యిమనే చప్పుడు మటుకు రెండు భాషల చెవులకూ ఒకేలా వినబడినట్టుంది. ఆ కన్నడంలోనే పూర్ణచంద్ర తేజస్వి 'కిరగూరిన గయ్యాళిగళు' అని కథ రాశారు. మగవాళ్ళ ఆగడాల మీద ఊరి ఆడవాళ్ళు తిరగబడే కథ. 2016లో సుమనా కిత్తూరు సినిమాగా తీశారు. ఆ పేరులో గయ్యాళి బిరుదు లాగే వినిపిస్తుంది.

సందర్భం: ప్రతి వాక్యానికీ ఒక ఘట్టం ఉండాలి గదా. కిరాణా కొట్టు. చింతపండు కోసం వచ్చిన ఇల్లాలు. కొట్టాయన తక్కెడ ఎత్తబోతుంటే ఆవిడ, "ఖాళీ తట్టలు ఓసారి చూపించు" అంది. చింతపండు వేసే తట్ట బొటనవేలంత కిందికి వాలింది. తిప్పి చూస్తే అడుగున గోలీకాయంత చింతపండు ముద్ద అతుక్కుని ఉంది. "ముందు పాసంగం తియ్యి" అంది. తీశాడు. తూచాడు. ఆవిడ పొట్లం సంచిలో వేసుకుని, చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని, వీధి మలుపు తిరిగింది. అప్పుడు వెలువడింది మూలవాక్యం. ఆవిడ గొంతు పెంచిందా లేదా అన్న విషయంలో పాఠాంతరాలున్నాయి. ముద్ద విషయంలో లేవు.

నాయికాభేదం: నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఏకంగా జగన్నాథుడి తలను ఎడమకాలితో తన్నింది. లాక్షణికులు దాన్ని ప్రణయకోపమన్నారు, ఆమెను మానవతి అన్నారు. ఒక్కరైనా గయ్యాళి అనలేదు. పట్టుపరుపు మీద తన్నితే శృంగార రసం, పంపు దగ్గర "నా బిందె ముందు" అంటే గయ్యాళితనం. అలంకారశాస్త్రం ఆస్తి చూసి లక్షణం చెబుతుందన్న అనుమానం ఈ వ్యాఖ్యాతకు చాలాకాలంగా ఉంది.

పురాణప్రమాణం కావాలంటే జైమిని భారతంలో చండి ఉంది. ఉద్దాలకుడి భార్య. మొగుడు ఏది చెబితే దానికి ఎదురు చేసేది. ఆయన కిటుకు పట్టి, కావలసినదానికి తలకిందులుగా చెప్పి పనులు జరిపించుకున్నాడు. పితృకార్యం నాడు ఆ సంగతి మరిచి, పిండాన్ని నీళ్ళలో కలపమని తిన్నగా చెప్పాడు. ఆవిడ తీసుకెళ్ళి రొచ్చులో పడేసింది. బండవై పొమ్మని శపించాడు. అశ్వమేధపు గుర్రం వెంట వచ్చిన అర్జునుడు తాకేదాకా అలాగే పడి ఉంది. మరిచిపోయింది ఆయన, రాయి అయింది ఆవిడ. కథలో ఆవిడ పక్షం సాక్షి ఒక్కడూ లేడు.

ఆధునిక ప్రయోగం: 1962లో 'గుండమ్మ కథ' వచ్చింది. కన్నడ 'మనె తుంబిద హెణ్ణు' ఆధారం. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. ఎన్టీ రామారావు, అక్కినేని ఇద్దరూ ఉన్న సినిమాకు పేరు మటుకు గుండమ్మదే. ఆ పాత్ర వేసిన సూర్యకాంతం కాకినాడ దగ్గర పల్లెలో 1924లో పుట్టారు. తెరమీద ఆవిడ ఎడమచెయ్యి తిప్పుతూ చివాట్లు పెట్టిన తీరుకు, ఆడపిల్లలకు సూర్యకాంతం అనే పేరు పెట్టడం మానేశారని చెప్పుకుంటారు. మంచి పేరు కాస్తా తిట్టయింది. ఆవిడేమో ఇంటినుంచి వండి తెచ్చి షూటింగులో అందరికీ పెట్టేవారట.

గుండమ్మను కాస్త పక్కనుంచి చూడండి. సవతి కూతుర్ని పనిమనిషిని చేసింది, అది తప్పే, క్షమించక్కర్లేదు. కానీ భర్త పోయినావిడ, ఆస్తి చేతిలో ఉంది. పెళ్ళిళ్ళ పేరయ్యలు, పాలవాళ్ళు, బంధువులు ఎవరి లెక్క వాళ్ళు వేసుకుని గుమ్మమెక్కే ఊళ్ళో నోరు తప్ప ఆవిడకు వేరే తలుపు గడియ లేదు.

తాత్పర్యం: ఓ నాయనా, ఆ ఇల్లాలు చెప్పినది నిజము. నిజమునకు నా వద్ద జవాబు లేదు. కావున జవాబుకు బదులు ఆమెకు పేరు పెట్టితిని. నీవును ఓడి రాకుండుటకై ముందుగా హెచ్చరించుచున్నాను అని భావం. అకారణంగా అరిచేవాళ్ళు, కోడళ్ళను కాల్చుకు తినేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. వాళ్ళను అనడానికి మాట ఉండాల్సిందే. అయితే వాళ్ళకోసం పుట్టిన మాటను తక్కెడ తిప్పి చూసినావిడ మీద వాడటం దొంగ తూకమే.

వ్యాకరణ విశేషం: ఈ శబ్దం నిత్య స్త్రీలింగం. అరిచే మగాడు కోపిష్టి, నిక్కచ్చి మనిషి, ముక్కుసూటి మనిషి, మరీ అయితే "పాపం, బీపీ ఉంది". గయ్యాళుడు అనే రూపం ఏ కోశంలోనూ ఈ వ్యాఖ్యాత కంటబడలేదు. చదువరుల్లో ఎవరికైనా పాత ప్రతుల్లోనో, పక్కింట్లోనో దొరికితే ఒక కార్డు ముక్క రాసి పడేయండి, మలికూర్పులో చేరుస్తాం.