లాసెట్ కాక

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు మొయినాబాద్ దిక్కున్న చిన్న మంగళారంలో అందరికన్నా ముందు చాయ్ హోటల్ బెంచీ పట్టేది లాసెట్ కాకే. అసలు పేరు రేషన్ కార్డుకే తెలుసు. మార్కులెన్నని అడగడు, ఏ గ్రూపని అడగడు. "ఇంజినీర్లు ఇంటికొకరున్నరు. వాడకొక వకీలు లేడు. లా సదువు బిడ్డా" అంటాడు.

సలహా గాలిమాట మాత్రం కాదు. ఇంటర్ మీద ఐదేండ్ల కోర్సు, డిగ్రీ మీద మూడేండ్లది. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పు రాస్తే మార్కు పోదు. శామీర్‌పేట నల్సార్ లా యూనివర్సిటీలో చేరాలంటే క్లాట్ రాయాలి, అక్కడ తప్పుకు పావు మార్కు కోత. ఇదంతా కాక ఒక్క ముక్కలో తేలుస్తాడు: "లాసెట్ల తెల్వనిది గూడ గీకు. క్లాట్ల తెల్వకుంటే చేతులు కట్టుకొని కూసో."

వయసు పరిమితి లేదని తెలిసినకాడి నుంచి పెద్దోళ్లనూ వదలట్లేదు. రిటైరైన సార్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, ప్లాట్లమ్మే బ్రోకర్లు, అందరికీ మూడేండ్ల కోర్సే మందు. బ్రోకర్లు ఒక్కమాటకే ఒప్పుకుంటారు. కారు అద్దం మీద 'అడ్వకేట్' స్టిక్కర్ పడితే టోల్‌గేట్ కాడ మర్యాద వేరు కదా!

ఇంత మోజు ఎందుకంటే భూమి. గండిపేట, హిమాయత్‌సాగర్ల నీళ్లు కాపాడేందుకు 1996లో వచ్చిన 111 జీవో 84 ఊళ్లలో కట్టడాలకు కళ్లెం వేసింది. మొయినాబాద్ దిక్కు ఆ జీవో నెంబరు పిల్లలకు ఎక్కాలకన్నా ముందు వస్తుంది. పైన భూరికార్డులకు 2020లో ధరణి, 2025లో భూభారతి. పహాణీలో ఒక పేరు, పాసుబుక్కులో ఇంకో పేరు. కాకకూ అరెకరం గట్టు పంచాయితీ ఉంది. కోర్టుకు పోయొచ్చిన ప్రతిసారీ ఫీజు గుర్తుచేసుకొని, "ఈ పైసలతోని ఇంట్లనే ఒక వకీలును తయారుచేసుకుంటుంటి" అని నిట్టూరుస్తాడు. ఊరి పిల్లల భవిష్యత్తు మీద ఆయనకున్న ప్రేమలో ఈ అరెకరం వాటా ఎంతో నేను అడగలేదు.

"మరి నువ్వే రాయరాదు కాకా?" అంటే మాత్రం గొంతు తగ్గుతుంది. ఆయనది టెన్త్, ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా కొట్టిన డిగ్రీ. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం దానికి లా సీటు లేదు. ఆ రూలు ఊళ్లో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

కోర్సు అయ్యాక సంగతులు అడిగితే సగమే చెప్తాడు. ఎన్‌రోల్‌మెంట్‌కు 750 రూపాయలకు మించి తీసుకోవద్దని 2024లో సుప్రీంకోర్టు అన్నది గట్టిగా చెప్తాడు. బార్ పరీక్ష సంగతి మెల్లగా చెప్తాడు. జడ్జి పరీక్షకు ముందు మూడేండ్ల ప్రాక్టీసు ఉండాలని 2025లో వచ్చిన తీర్పును గొణుగుతాడు. జూనియర్‌కు సీనియర్ నెలకు ఎంతిస్తాడని అడిగితే ఇంకో చాయ్ చెప్తాడు.

మొన్న ఒక పిల్ల నిజంగానే ఐదేండ్ల కోర్సులో సీటు తెచ్చుకుంది. మిఠాయి పెట్టి, "నేను కోటు తొడిగేసరికి శానా దినాలైతది కాకా, మరి నీ కేసు?" అంది.

"ఏం రంది పడకు బిడ్డా, నిమ్మళంగ సదువుకో. వాయిదాలకేం కరువు!" అన్నాడు కాక.