రామప్ప ఏ ఫోల్డర్లో ఉంది?

కంప్యూటర్లో ఫైళ్లు ఎట్లా సర్దుకోవాలని అడిగితే తెలిసినవాళ్లందరూ చెప్పే మొదటి సలహా, జిల్లాలవారీగా ఫోల్డర్లు చేసుకోమని. ఆ సలహా ఇచ్చేవాళ్లెవరూ ఉమ్మడి వరంగల్ జిల్లాలో కాపురం చేసినవాళ్లు కాదని నా గట్టి నమ్మకం.

కొన్నాళ్లుగా నాకిదే రంధి. సీ డ్రైవ్ ఎర్రబడి కూర్చుంది. డెస్క్‌టాప్ మీద ‘న్యూ ఫోల్డర్’, దాని తమ్ముళ్లు, వాళ్ల పిల్లలు. వాల్‌పేపర్‌గా పెట్టుకున్న మనుమరాలి మొహంలో ఒక కన్ను, సగం ముక్కు తప్ప తక్కినదంతా ఐకాన్ల కిందికి పోయింది. ‘ఇంపార్టెంట్’ ఒకటి, ‘మోస్ట్ ఇంపార్టెంట్’ ఒకటి, ‘ఇంపార్టెంట్ పాతది’ ఇంకొకటి. ఆ మూడోదాంట్లో ఎప్పటిదో కరెంటు బిల్లు తప్ప ఏమీ లేదు. ఇంతకుమించి వర్ణించను. మీ ఇంట్లోనూ ఒక కంప్యూటర్ ఉండే ఉంటుంది.

నేను సోషల్ సారుగా చేసి రిటైరయ్యాను. ఉండేది జనగామ. పాత గుళ్లు, బురుజులు, శాసనాల రాళ్లు, జాతరలు కనబడితే ఫోటో తీసి దాచుకోవడం నౌకరీలో ఉన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. ఎవరో ఒకరు, బడి పిల్లల ప్రాజెక్టుకనో, సావనీరుకనో, పేపర్లో వార్తకనో ఫోన్ చేసి ‘సార్, ఫలానా గుడి ఫోటో ఉందా’ అంటారు. ఉంటుంది. ఎక్కడుందన్నదే సమస్య.

2016 దాకా ఈ బాధ లేదు. ‘వరంగల్’ అని ఒకటే ఫోల్డర్. ఓరుగల్లు కోట అందులోనే, కురవి వీరభద్రుడు అందులోనే, బమ్మెర అందులోనే. ఆ ఏడాది అక్టోబర్ 11న, సరిగ్గా దసరా నాడు, రాష్ట్రంలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. మా జిల్లా ఒక్కటే 5 ముక్కలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. జనగామ జిల్లా కోసం మా ఊరు చేసిన కొట్లాట మామూలుది కాదు. రాస్తారోకోలో నేనూ కూర్చున్నాను. కాబట్టి జిల్లా వచ్చినందుకు నేను ఏడిస్తే బాగుండదు. పెద్దల చేతిలో జమ్మి ఆకు పెట్టి, దండం పెట్టి, ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఐదు ఫోల్డర్లు చేశాను. పాలకుర్తి, బమ్మెర, పెంబర్తి ఇత్తడి పని జనగామలోకి. కురవి మహబూబాబాద్‌లోకి. వేయిస్తంభాల గుడి, కోట అర్బన్‌లోకి. పరకాల అమరధామం రూరల్‌లోకి. రామప్ప, గణపురం కోటగుళ్లు, మేడారం భూపాలపల్లిలోకి. హమ్మయ్య అనుకునేలోపల పొరుగు జిల్లాల నుంచి కొత్త చుట్టాలు దిగారు. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి వచ్చి మహబూబాబాద్‌లో చేరాయి. మహదేవపూర్ కరీంనగర్ నుంచి వచ్చి భూపాలపల్లిలో చేరుతూ, కాళేశ్వరాన్నీ, గోదావరి ప్రాణహితల సంగమాన్నీ వెంట తెచ్చుకుంది. దాంతో ఏండ్ల నుంచి ముట్టుకోని ‘ఖమ్మం’, ‘కరీంనగర్’ ఫోల్డర్లు కూడా విప్పాల్సి వచ్చింది. “ఇల్లు సదురుమంటె లేవరు గని, ఆ డబ్బల ఏం సదురుతున్నరో పొద్దుందాక” అంది మా ఆవిడ. సర్కారు చేస్తే పునర్వ్యవస్థీకరణ, నేను చేస్తే పనిలేని పని.

తర్వాత పేర్ల పంచాయితీ. ఆచార్య జయశంకర్ గారి మీద గౌరవంతో జిల్లాకు ఆ పేరు పెట్టారు. నేనూ అదే గౌరవంతో ఫోల్డర్‌కు పూర్తి పేరు పెట్టాను. అది అక్షరక్రమంలో పోయి జనగామ పక్కన కూర్చుంది. నడుమ వంద కిలోమీటర్ల పైచిలుకు దూరమున్న జిల్లాలు నా స్క్రీన్ మీద గోడకు గోడ. నేనేమో ‘భ’ దగ్గర వెతుకుతాను. కనబడక, ‘భూపాలపల్లి’ అని ఇంకోటి చేస్తాను. ఇప్పుడు రెండున్నాయి, రెంటిలోనూ కోటగుళ్లున్నాయి. మహబూబాబాద్‌ది మరో కథ. కాగితం మీద మహబూబాబాద్, నోట్లో మానుకోట. ఫోటో ఎక్కించిన రోజు ఏది నోటికొస్తే అదే ఫోల్డర్ పేరు. కురవి వీరభద్రుడి ధ్వజస్తంభం మహబూబాబాద్‌లో ఉంది, గర్భగుడి మానుకోటలో ఉంది.

రైల్వేలో చేసి రిటైరైన మిత్రుడొకాయన ఇదంతా చూసి, “జిల్లాలెందుకయ్యా, స్టేషన్ కోడ్ పెట్టుకో, అది మారదు” అన్నాడు. జనగామ జెడ్‌ఎన్, మహబూబాబాద్ ఎంఏబీడీ. పొట్టిగా, ముద్దుగా ఉన్నాయి. “మరి భూపాలపల్లి?” అన్నాను. అక్కడికి రైలే లేదు. ఇద్దరం మాట్లాడకుండా చాయ్ తాగాం.

పోనీ, ఆ ఐదు జిల్లాల లెక్కైనా నిలిచిందా? 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరే జిల్లా అయింది. అంటే భూపాలపల్లి ఫోల్డర్లోంచి రామప్పను, మేడారాన్ని మళ్లీ బయటికి లాగాలి. సమ్మక్క సారలమ్మల సంగతి చూడండి. 2016 ఫిబ్రవరి జాతర జరిగింది వరంగల్ జిల్లాలో. 2018 జాతర భూపాలపల్లి జిల్లాలో. 2020 జాతర ములుగు జిల్లాలో. వరసగా మూడు జాతరలు, మూడు జిల్లాలు. గద్దెలు ఉన్నచోటే ఉన్నాయి, అమ్మవార్లు వచ్చే దారి అదే, బెల్లం అదే, దుమ్ము అదే. అంతెందుకు, నా ఫోటోల్లో ప్రతి జాతరలోనూ ఎవరో ఒకాయన సరిగ్గా కెమెరాకు అడ్డంగా కోడిని పట్టుకుని నిలబడి ఉంటాడు. అదీ మారలేదు. మారింది నేను కొట్టాల్సిన ఫోల్డర్ పేరు. జాతరకొక జిల్లా అయితే ‘మేడారం’ అనే ఒక్క ఫోల్డర్ను ఏ జిల్లా కింద పెట్టమంటారు? సోషల్ సారుగా పిల్లలకు ‘మన జిల్లా’ గురించి పాఠం చెప్పి, పటంలో రంగులు వేయించి, తప్పు రాస్తే మార్కులు కోసినవాణ్ని. ఇప్పుడా పిల్లలెవరైనా తిరిగొచ్చి నన్ను అడిగితే నాకే సున్నా.

రామప్పదైతే ఇంకా అన్యాయం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. ఎనిమిది వందల ఏళ్లుగా పాలంపేట విడిచి ఎటూ పోనిది, మూడేళ్లు తిరక్కుండా నా కంప్యూటర్లో మూడిళ్లు మారింది. 2021 జూలై 25న యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ పూట నా ఫోన్ ఊపిరి తీసుకోలేదు. అందరికీ రామప్పే కావాలి. వరంగల్‌లో చూశాను, భూపాలపల్లిలో చూశాను, ములుగులో చూశాను. మదనికల పాదాలు దొరికాయి, చెరువు దొరికింది, గుడి ముందు ఐస్‌క్రీం తింటున్న మా బావమరిది దొరికాడు. ప్రపంచానికి దొరికిన గుడి నాకు దొరకలేదు.

సరిగ్గా ఆ మరుసటి నెలలోనే, ఆగస్టులో, వరంగల్ అర్బన్ పోయి హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ పోయి వరంగల్ అయింది. పేర్లే మారితే బాగుండు, మండలాలూ అటిటు మారాయి. రూరల్‌లో ఉన్న పరకాల హనుమకొండకు పోయింది. అర్బన్‌లో ఉన్న కోట, ఒకప్పటి రూరల్ చేతికొచ్చింది. నేను ‘వరంగల్ రూరల్’ మీద క్లిక్ చేసి, ‘రూరల్’ చెరిపేసి, ఎంటర్ కొట్టాను. ఇదే పేరుతో ఇక్కడ ఇంకో ఫోల్డర్ ఉంది, రెంటినీ కలిపేయమంటావా అని విండోస్ అడిగింది. ఇన్నేండ్లలో ఈ విషయంలో ఎవరైనా నన్ను ఒక మాట అడిగి చేద్దామనుకున్నారంటే అది విండోసే.

దాని పెత్తనాలూ దానికున్నాయి లెండి. ఫైల్ పేరులో ఏటవాలు గీత పెట్టనివ్వదు. మన ఆఫీసుల ఉత్తరం నంబర్లో ఏటవాలు గీత లేకుండా ఉండదు, తారీఖులోనూ ఉంటుంది. ప్రశ్నార్థకమూ ఒప్పుకోదు. ‘ఇది ఎవరి గుడి?’ అని పేరు పెట్టుకుందామంటే కుదరదు, తెలిసినట్టు నటించాల్సిందే. ఇక ఫైల్ పేర్ల ముందు పెట్టుకున్న ‘ఏపీ’ని 2014లో ‘టీఎస్’ చేశాను. 2024లో అది ‘టీజీ’ అయింది. దాన్ని మాత్రం ముట్టుకోను. బండ్లకే పాత నంబరు ప్లేటు నడుస్తున్నప్పుడు నా ఫైళ్లకు నడవదా?

మావాడు హైదరాబాద్ నుంచి ఫోన్లో, “ఫోల్డర్లెందుకు నాన్నా, సెర్చ్ కొట్టు” అంటాడు. వాడి తరానికి ప్రతిదానికీ అదే మందు. జనగామ అని కొడితే జనగాం అని ఉన్నది రాదు, జనగాం అని కొడితే జనగామ రాదు, ఇంగ్లిష్‌లో ఆ ఊరికి ఎన్ని స్పెల్లింగులున్నాయో బస్సు బోర్డులు రాసేవాళ్లకే తెలియాలి. మొన్న తోటి సారొకాయనకు 1998 డీఎస్సీ కాగితమేదో కావాల్సి వచ్చింది. స్కాన్ చేసి పెట్టిన గుర్తు. డీఎస్సీ అని సెర్చ్ కొట్టాను. నా పాత కెమెరా తను తీసే ప్రతి ఫోటోకు ముందు డీఎస్సీ అనే మూడక్షరాలే తగిలిస్తుందని అప్పుడు తెలిసింది. గుళ్లు, గోపురాలు, కోళ్లు, బావమరుదులు, వేలకొద్దీ అభ్యర్థులు స్క్రీన్ మీద బారులు తీరారు. కాగితం మాత్రం సెలెక్ట్ కాలేదు.

ఆ వెతుకులాటలోనే ‘317’ అనే ఫోల్డర్ తగిలింది. టీచర్లకు ఆ నంబరు గురించి చెప్పనక్కర్లేదు. 2021 డిసెంబర్ 6న వచ్చిన జీవో. ఉమ్మడి జిల్లా కేడర్‌లో ఉన్న ఉద్యోగులను కొత్త జిల్లాలకు, కొత్త జోన్లకు పంచింది. ఒక్క జిల్లాగా ఉన్న మావాళ్లలో జనగామ యాదాద్రి జోన్లోకి, మహబూబాబాద్ భద్రాద్రి జోన్లోకి, భూపాలపల్లి కాళేశ్వరం జోన్లోకి పోయాయి. సీనియారిటీ చూశారు, ఖాళీలు చూశారు. సొంతూరు ఎక్కడ అన్నది వెనకబడింది. నాకు టైపింగ్ వచ్చని చాలామంది మా ఇంటికొచ్చి దరఖాస్తులు రాయించుకున్నారు. ఒక టీచర్ దంపతులవి అందులో చాలా ఉన్నాయి. ఆయనకు జనగామ పడింది, ఆమెకు భూపాలపల్లి. హనుమకొండ, పరకాల మీదుగా పోయి రావాలి. ‘రిక్వెస్ట్’, ‘రిక్వెస్ట్ 2’, ‘రిక్వెస్ట్ ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’. ఒక్కొక్కటి విప్పి చూశాను. పేర్లు, బడులు, ఎంప్లాయీ ఐడీ, వేడుకోళ్లు అన్నింటిలోనూ ఒకటే, పాత దాన్ని కాపీ చేసిందే. ఒక్క మాట తేడా. మొదటిదాంట్లో వాళ్ల పాప ఒకటో తరగతి. తర్వాతిదాంట్లో రెండో తరగతి. ఆఖరిదాంట్లో మూడో తరగతి. అవి టైపు చేసింది నేనే, ఆ మాట మార్చింది నేనే. వరసగా విప్పి చూసేదాకా పాప అన్ని తరగతులు దాటిందని తట్టలేదు. ఫోటో తప్పు ఫోల్డర్లో పడితే పట్టుకుని ఇటు లాగి వదిలేస్తాం, అంతే పని. అంతే పని కానివి కూడా ఉన్నాయని ఆ ఫోల్డర్ చూస్తే తెలుస్తుంది.

సరే. అన్ని జిల్లాల ఫోల్డర్లూ తీసిపారేశాను. ఇప్పుడు నా దగ్గరున్నవి ఊళ్లు. ఊరి పేరు, పక్కన ఏడాది. బమ్మెర 2011, కురవి 2015, మేడారం 2018. జిల్లాలు మళ్లీ మారతాయట అని చాయ్ హోటల్లో ఎవరైనా అంటే ఇప్పుడు నాకు గుండె దడ రావడం లేదు. మార్చుకోనీ.

కనుక నాకు ఫోన్ చేసేవాళ్లకు ఒక మనవి. ఫోటో కావాలంటే ఊరి పేరు చెప్పండి. జిల్లా చెప్పకండి, ఉమ్మడి జిల్లా అసలే చెప్పకండి. మీరు నాకు ఫోటో పంపేటట్టయితే కింద ఊరు, ఏడాది రాసి పంపండి, గుడ్ మార్నింగ్ పూలు లేకుండా పంపండి. రామప్ప ‘ప’ దగ్గర ఉంది, పాలంపేటలో.